మెదడుకు తెలిసిన మోతాదు

ఇటీవల పెద్దమందడిలో మా ఇంటి అరుగు మీద ఒక యువకుడు సెల్‌ఫోన్ చూపి, "సార్, గంజాయి లాంటి పదార్థాన్ని మన మెదడే తయారు చేస్తుందట కదా, మరి తాగితే తప్పేమిటి?" అని అడిగాడు. పక్కనే తండ్రి తల వంచుకొని కూర్చున్నాడు.

మీకూ ఇలాంటి సందేశాలు వచ్చే ఉంటాయి. అందులో సగం నిజం. 1992లో కనుగొన్న అనాండమైడ్‌కు ఆ పేరు మన 'ఆనందం' నుంచే వచ్చింది. అది కొవ్వు జాతి పదార్థం. నన్ను మరింత ఆశ్చర్యపరచినది 2003లో ఎలుక మెదడు నుంచి వేరుచేసిన హీమోప్రెసిన్. తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్, అదీ హీమోగ్లోబిన్‌లోని ఒక ముక్క! మా విద్యార్థి దశలో హీమోగ్లోబిన్ అంటే ప్రాణవాయువును మోసే బండి మాత్రమే. గంజాయి ప్రేరేపించే సీబీ1 గ్రాహకాన్ని ఇది అణచివేస్తుంది. దీని మొదట్లో మరి రెండు మూడు ఆమ్లాలు చేరితే ప్రేరేపిస్తుందని 2009 నాటి ప్రయోగాల్లో కనిపించింది.

అనాండమైడ్‌ను మెదడు అవసరమైన చోట రవ్వంత తయారుచేసి, వెంటనే విచ్ఛిన్నం చేస్తుంది. గంజాయి పొగ గంటల తరబడి అంతటా పనిచేస్తుంది. ఆ గ్రాహకాన్ని బలవంతంగా మూసినా ముప్పే: స్థూలకాయానికి వచ్చిన రిమోనబాంట్ మందు కొందరిలో తీవ్రమైన కుంగుబాటు కలిగించడంతో 2008లో ఐరోపాలో నిలిపివేశారు.

యువకుడు మౌనం వహించాడు. తండ్రి మెల్లగా అన్నాడు: "నెల రోజులుగా వీనికి నిద్ర లేదు సార్. ఎవరో వెంబడిస్తున్నరు అంటడు."

వనపర్తిలోని మానసిక వైద్యునికి ఉత్తరం రాసి ఇచ్చాను.