రాంగ్ షో

మొన్న ఎండాకాలం సెలవుల్లో నేనొక తప్పు ముక్కని చూసి కూడా చూడనట్టు వదిలేశాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ సంగతి చెప్పాలంటే ముందు రమ్మీ సంగతి చెప్పాలి.

సెకండియర్ పరీక్షలు అయిపోగానే అమ్మ నన్ను పద్మారావు నగర్ పంపించింది. అక్కడ స్కందగిరి గుడికి దగ్గర్లో అమ్మమ్మ ఒక్కతే ఉంటుంది. తాతయ్య పోయి ఏడాదైంది. "నెల రోజులు ఉండి రా, ఆవిడకి తోడుగా ఉంటుంది" అంది అమ్మ. తోడుండటం అంటే ఏం చేయాలో నాకు తెలీదు. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. అమ్మమ్మతో నా మాటలు "తిన్నావా", "తిన్నా" దగ్గరే ఆగిపోయేవి. పొద్దున్నే పేపర్ నా చేతికిచ్చి, "గట్టిగా చదువు, నీ తెలుగు బాగుపడుతుంది" అనేది. నేను తడుముకుంటూ చదివేవాణ్ణి. ఆ తర్వాత ఎవరి గదిలో వాళ్ళం.

మూడో రోజు ఏదో వెతుకుతుంటే టేబుల్ సొరుగులో పేకముక్కల కట్ట, దాని కింద ఒక లాంగ్ నోట్‌బుక్ కనిపించాయి. ప్రతి పేజీలో రెండు వరసలు: "నేను", "ఆయన". కింద అంకెలు. తాతయ్య రైల్ నిలయంలో పనిచేసేవారు. రాత్రి భోజనాలయ్యాక ఇద్దరూ రమ్మీ వేసేవాళ్ళట. ఈ మాట నాకెవరూ చెప్పలేదు. పేకాట అన్న పదమే మా ఇంట్లో తిట్టులాంటిది.

"నాకు నేర్పిస్తావా?" అన్నాను.

అమ్మమ్మ కట్ట చేతిలోకి తీసుకుని చాలాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత "డబ్బులు పెట్టం. అది మొదటి రూలు" అంది.

నాకు స్పేడ్స్, హార్ట్స్ మాత్రమే తెలుసు. ఆవిడ ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అంటుంటే కొత్త భాష నేర్చుకుంటున్నట్టే ఉండేది. ఇద్దరే కాబట్టి ఒక్క కట్ట చాలు. 52 ముక్కలు, ఒక జోకర్. చెరో 13 పంచి, ఒకటి ఓపెన్ చేసి, ఇంకోటి కట్ జోకర్‌గా కింద పెడతాం. కట్ట నుంచో, పడేసిన ముక్కల పైనుంచో ఒకటి తీసుకోవాలి, ఒకటి పడేయాలి. జోకర్ సాయం లేకుండా ఒకే రంగులో వరసగా మూడు ముక్కలైనా కుదరాలి. అది ఫస్ట్ లైఫ్. తర్వాత ఇంకో సీక్వెన్స్, అందులో జోకర్ వాడుకోవచ్చు. మిగతావి సీక్వెన్సులైనా, ట్రిప్లెట్లైనా పర్లేదు. ఫస్ట్ లైఫ్ లేకుండా అవతలివాళ్ళు షో చేస్తే చేతిలో ఉన్నవన్నీ లెక్కే. బొమ్మలకీ ఆసుకీ పదేసి. ఎంతైనా 80 దాటదు. ముక్కలు బాలేకపోతే మొదట్లోనే డ్రాప్ అయిపోతే 20తో పోతుంది. షో తప్పు చేస్తే మాత్రం మొత్తం 80.

నేను మొదటి వారం రోజూ ఓడిపోయాను. అదృష్టం అనుకున్నాను. 52 ముక్కల్లోంచి 13 ముక్కల చేయి 63,501 కోట్ల రకాలకు పైగా రావచ్చు, ఇక మనం చేసేదేముంది అని అమ్మమ్మకి లెక్క కూడా చెప్పాను.

"అవన్నీ ఎందుకురా? నీకు కనపడనివి 38. అందులో 13 నా దగ్గరున్నాయి. నేనేం తీసుకుంటున్నానో, ఏం పడేస్తున్నానో చూడు. నువ్వు నీ ముక్కలే చూసుకుంటున్నావు" అంది.

ఆ రాత్రి నెట్‌లో చూస్తే ఇదే మాట సుప్రీంకోర్టు కూడా అందని తెలిసింది. అదీ సికింద్రాబాద్ కేసులోనే! 1963లో ఇక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. రమ్మీ ఆడుతున్నారని కేసు పెడితే అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967లో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి ఇది ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అని. అయితే క్లబ్బు వాళ్ళు ఆట మీద లాభం చేసుకుంటే నేరం కావచ్చని కూడా అన్నారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం చట్టం మార్చి, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో రమ్మీ ఆడటాన్ని నిషేధించింది. అమ్మమ్మ అంతా విని, "నా మొదటి రూలు వాళ్ళకి ఇప్పుడు గుర్తొచ్చిందా?" అంది.

రెండో వారం నుంచి నేను ఆవిడని చూడటం మొదలుపెట్టాను. ఏ ముక్క తీసుకుందో, ఏది పడేయడానికి ఆలోచిస్తోందో. గెలవడం కూడా మొదలైంది. అప్పుడే ఒక రాత్రి ఆవిడ షో అంది. ముక్కలు పరిచింది. డైమను ఐదు, ఆరు, ఏడు. కానీ డైమను ఆరు నా చేతిలో ఉంది. మళ్ళీ చూశాను. ఆవిడ పెట్టింది ఆఠీను ఆరు.

నేనేం అనలేదు. నా ముక్కలు గబగబా కలిపేసి, ఓడినట్టు పాయింట్లు రాసుకున్నాను. పెద్దావిడ, పోనీలే అనుకున్నాను. రెండు రోజుల తర్వాత మళ్ళీ అలాగే జరిగింది. మళ్ళీ వదిలేశాను. ఏదో మంచి పని చేసినట్టు అనిపించింది కూడా.

మూడోసారి ముక్కలు పరుస్తూ ఆవిడ నా మొహం వైపు చూసింది. గెలిచిన మనిషి చూపు కాదది. నేనేమంటానో అని చూస్తున్నట్టుంది. నాకు గొంతు పట్టేసింది.

"అమ్మమ్మా, రాంగ్ షో. అది ఆఠీను. 80."

కాసేపు ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత అంది, "ఎర్రవి రెండూ ఒకేలా కనిపిస్తున్నాయిరా. ఎన్నాళ్ళనుంచో."

"మరి పేపరు?"

"అందుకేగా నీ చేత చదివిస్తున్నా."

అమ్మకి చెబితే ఆపరేషన్ అంటారని భయమట. తాతయ్య ఉన్నప్పుడు ఆయనకి తెలిసిపోయేదట. రోజూ ఎదురుగా కూర్చునేవారు కదా. నేను వారం రోజులు దయ అనుకుని చేసింది, ఆవిడ దాచిపెట్టుకున్నదాన్ని ఇంకా లోపలికి తోయడం.

మర్నాడే కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. రెండు కళ్ళల్లో శుక్లాలు. ముందు కుడి కంటికి, కొన్ని వారాల తర్వాత ఎడమ కంటికి ఆపరేషన్ చేశారు. అప్పటికి నాకు కాలేజీ మొదలైపోయింది.

కిందటి ఆదివారం వెళ్తే కట్ట, నోట్‌బుక్ టేబుల్ మీద సిద్ధంగా ఉన్నాయి. "ఆయన" వరస పక్కన కొత్తగా గీత కొట్టి, నా పేరు రాసి ఉంది. నాలుగు ఆటలు వేశాం. నాలుగూ ఓడిపోయాను.

"ఎలా తెలుస్తోంది నీకు?" అన్నాను.

"నీకు జోకరొస్తే నవ్వు ఆపుకుంటావురా. ఇన్నాళ్ళూ నాకది కనపడలేదు" అని ముక్కలు కలపడం మొదలుపెట్టింది.