ఇద్దరు కాపలాదారులు

సూరత్‌లోని లింబాయత్ పేట. తెలుగు నేత కుటుంబాలు స్థిరపడ్డ చోటు. ఓ ఇంట్లో ఏళ్ల తరబడి గీసిన చీరల డిజైన్లన్నీ కంప్యూటర్లోనే. ఓ రోజు తెరపై ఎర్ర గుర్తు. విండోస్ డిఫెండర్ ఎంతకీ ఆన్ కాలేదు. ఫార్మాట్ చేయాల్సిందేనన్నాడు మెకానిక్.

కూతురు ఒప్పుకోలేదు. వేరే యాంటీవైరస్ ఉంటే డిఫెండర్ పక్కకు తప్పుకుంటుందని ఆమెకు తెలుసు. గడువు తీరిందని తండ్రి ఎప్పుడో తీసేసిన ట్రయల్ యాంటీవైరస్ తాలూకు ఫైళ్లు కొన్ని మిగిలిపోయాయి. దాని తయారీదారు ఇచ్చే టూల్‌తో వాటిని తుడిచేసి రీస్టార్ట్ చేసింది. పచ్చ గుర్తు వచ్చింది.

తండ్రికి నిశ్చింత. ఆమెకు మాత్రం 2017 మేలో ఫైళ్లకు తాళమేసి డబ్బడిగిన ‘వన్నాక్రై’ గుర్తొచ్చింది. మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విరుగుడు ఇచ్చినా వేసుకోనివారెందరో. ఆమె ఆ రాత్రే అప్‌డేట్లు వేసి, డిజైన్లన్నీ మరో హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి బీరువాలో పెట్టింది.