నిన్న ఎక్కడ ఆపినం?

మా అబ్బాయికి ఇరవై తొమ్మిదేళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం పోయి, రెండు సూట్‌కేసులతో కరీంనగర్ వచ్చేశాడు. 'నిన్నొక్కణ్నేనా, ఇంకెవరినన్న తీసేసిన్రా?' అని అడిగారు మావారు. ఓదార్చడానికే అడిగారనుకుంటా. వాడికి మాత్రం అలా వినపడలేదు. ఆ రాత్రి నుంచి తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. 'బాపును అన్నానికి రమ్మను', 'వాడు తిన్నడా అడుగు'... మధ్యలో నేను పోస్ట్‌మన్‌ని.

రెండు నెలలు ఇలా గడిచాక నా కంటికి శుక్లం ఆపరేషనైంది. పొయ్యి దగ్గరికి వెళ్లొద్దన్నారు. ముప్పై ఏళ్లలో అంత మంచి మాట ఏ డాక్టరూ చెప్పలేదు. కానీ కొత్త అద్దాలు వచ్చేదాకా చదవొద్దన్నారు. అదే కష్టమైంది. మధ్యాహ్నం నాలుగు పేజీలు చదవకపోతే నాకు అన్నం తిన్నట్టే ఉండదు.

అప్పటికి సామల సదాశివ గారి 'స్వరలయలు' సగంలో ఉంది. నా పుట్టిల్లు ఆదిలాబాద్. ఆయనా అక్కడే ఉండేవారు. హిందుస్తానీ సంగీతం మీద రాసిన ఆ పుస్తకానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మరుసటి ఏడే ఆయన పోయారు. నాకు రాగాలు తెలియవు. ఆయన్ని చదవడానికి తెలియక్కర్లేదు కూడా. ఇంటి పెద్దాయన అరుగు మీద కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది.

'కొంచెం సదివి వినిపియ్‌రా' అన్నాను.

'తెలుగు సదివి పదేండ్లయిందమ్మా' అన్నాడు. నిజమే. ఒత్తు వచ్చినచోటల్లా ఆగాడు. మొదటిరోజు రెండు పేజీలకి అరగంట పట్టింది. సంగీతం వింటున్నానో, ఎడ్లబండి ఎక్కానో తెలియలేదు. నాలుగోరోజుకి బండి రోడ్డెక్కింది. ఎవరైనా గాయకుడి పేరు వస్తే చదవడం ఆపి, ఫోన్‌లో వెతికి ఆ పాట పెట్టేవాడు. కాగితం మీద అంతకాలం మూగగా ఉన్న మనిషి మా ముందుగదిలో పాడుతుంటే, కళ్లు మూసుకుని వినేదాన్ని. మూసుకోక చేసేదేముంది! వాడూ వినేవాడు. ఉద్యోగాల సైట్లు చూసేప్పుడు బిగుసుకునే ఆ మొహం అప్పుడు ఎలా ఉండేదో చూడలేకపోయాను. గొంతు మాత్రం తేలికపడింది.

ఇక మావారి సంగతి. 1959 నుంచి 61 దాకా విశ్వనాథ సత్యనారాయణ కరీంనగర్ ప్రభుత్వ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఉన్నారని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతారు. 'వేయిపడగలు' మాత్రం నూరు పేజీలు దాటలేదు. మేం చదివే వేళకి పేపరు పట్టుకుని పక్కగదిలో కూర్చునేవారు. పేజీ తిప్పిన చప్పుడు వినపడేది కాదు.

ఒకరోజు వాడు 'గజల్' అని చదివాడు. మామూలుగానే.

'గ కాదుర. గొంతులకెల్లి రావాలె' అని పక్కగదిలోంచి వినపడింది.

వాడు ఆగిపోయాడు. నేను ఊపిరి బిగబట్టాను. మా మామగారు నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివినవారు. ఆ పలుకు మావారికి అలా వచ్చింది. ఆ అక్షరం తెలుగులో లేదు కాబట్టి పుస్తకంలో చూసి నేర్చుకునేదీ కాదు. వాడు మళ్లీ అన్నాడు. 'కాదు' అన్నారు. ఇంకోసారి అన్నాడు. 'పుక్కిలించినట్టు అను' అన్నారు. వాడు నిజంగానే పుక్కిలించినట్టు అన్నాడు. ఇద్దరూ నవ్వారు. రెండు నెలల తర్వాత వాళ్లు మాట్లాడుకున్న మొదటి మాట అది.

ఉద్యోగం ఇంకా రాలేదు. దాని గురించి వాళ్లిద్దరూ ఇప్పటికీ మాట్లాడుకోరు.

మొన్న సాయంత్రం పుస్తకం తీస్తూ, 'అద్దాలు ఇంకా రాలేదా అమ్మా?' అని అడిగాడు.

'ఇంకో నాలుగు రోజులు పడ్తదట' అన్నాను.

ముందురోజే దుకాణం నుంచి వాటిని తెచ్చిచ్చింది మావారే. నా వైపు ఒకసారి చూశారు. ఏమీ అనకుండా కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుని, 'నిన్న ఎక్కడ ఆపినం?' అన్నారు.