కర్ర పేరు చెప్పేది అడ్డకోతే

పాత గిటారు గానీ పాత వీణ గానీ మరమ్మతుకు వచ్చిందంటే ముందుగా తేలాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది ఏ కర్ర? ఈ ప్రశ్నకు మన వైపు జవాబులకు కొదవ లేదు. గిటారైతే రోజ్‌వుడ్ అంటారు, వీణైతే పనస అంటారు. అడగ్గానే వచ్చే ఈ జవాబులు దేని మీద నిలబడ్డాయో తెలుసుకోవాలని ఏలూరు నుంచి నూజివీడు, తాడేపల్లిగూడెం మీదుగా కొల్లేటి గట్ల దాకా వెళ్ళాను. వీణలకు పేరున్న నూజివీడు 2022లో జిల్లాలు మారినప్పుడు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ఈ దారిలో పనస దుంగ, టింబర్ డిపో, తాటి దోనె మూడూ ఒకే పర్యటనలో చూడవచ్చు. ఇవన్నీ చూశాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది. వాద్యం ఏ కర్రతో చేశారో రంగు చెప్పలేదు, నాదం చెప్పలేదు, ఊరి పేరూ చెప్పలేదు. చెప్పగలిగినవి రెండే: కర్ర అడ్డకోత, చేసిన మనిషి రాసిపెట్టిన కాగితం. మొదటిది చూసే అలవాటు మనకు తక్కువ. రెండోది రాసే అలవాటు అంతకన్నా తక్కువ.

నూజివీడు వీణను పనస కర్రతో చేస్తారు. బొబ్బిలి, తంజావూరు సంప్రదాయాల్లోనూ ఇదే కర్ర. దుంగను ముందు మొరటుగా చెక్కి, కుండ లోపలి భాగం తొలిచి, బాగా ఆరనిస్తారు. తడి ఉండగానే కుండ మీద పలక బిగిస్తే తర్వాత వంగుతుంది, లేదా పగులుతుంది. పని జరిగే చోట మొదట కంటపడేది పసుపు రంగు. ఉలి దెబ్బకు లేచిన పనస పేళ్ళు పచ్చగా ఉంటాయి, కాస్త పాతబడిన కుండ తేనె రంగుకు తిరిగి ఉంటుంది, ఏళ్ళు గడిచిన వీణ ముదురు గోధుమ రంగులో ఉంటుంది. ఇక దుంగను అడ్డంగా కోసిన ముఖాన్ని పదునైన ఉలితో నున్నగా చెక్కి, కొంచెం తడిపి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం పెట్టి చూస్తే అసలు సాక్ష్యం బయటపడుతుంది. నీరు ఎక్కే బెజ్జాలు గుండుసూదితో పొడిచినట్టు ఉత్త కంటికే కనిపిస్తాయి. అవి ఒక వరుసలో లేకుండా ముఖమంతా చెదిరి ఉంటాయి. ప్రతి బెజ్జం చుట్టూ లేత రంగు కణజాలం ఉండి, రెండు పక్కలకూ కొద్దిగా సాగుతుంది. దుంగ నడుమ నుంచి బెరడు వైపు నడిచే సన్నని రేఖలు భూతద్దం లేకపోయినా తెలుస్తాయి. ఏటి వలయాలు మాత్రం స్పష్టంగా ఉండవు. టేకు అడ్డకోత ఇందుకు పూర్తిగా వేరు. అందులో పెద్ద బెజ్జాలు ఏటేటా ఒక వలయంగా కట్టుకుని ఉంటాయి. మామిడి అడ్డకోతలో బెజ్జాలు పెద్దవే అయినా, రేఖలు చాలా సన్నం, భూతద్దం లేనిదే దొరకవు. మామిడి తోటలకు పేరుపడ్డ ఊళ్ళో ఈ ఒక్క తేడా తెలిసి ఉండడం చిన్న విషయం కాదు.

రంగు చూసి చెప్పేస్తామనేవారికి నూజివీడు పేళ్ళే జవాబు. పనసకు ఆ పసుపు మోరిన్ అనే రంగు పదార్థం వల్ల వస్తుంది. బౌద్ధ భిక్షువుల వస్త్రాలకు పనస చేవ నుంచి రంగు తీసేది అందుకే. వెలుగూ గాలీ తగిలేకొద్దీ ఆ పసుపు ముదురుతుంది. ఒకే దుంగలోంచి తీసిన రెండు ముక్కలు, ఒకటి ఎండ తగిలే గదిలో, మరొకటి పెట్టెలో ఉంటే, కొన్నేళ్ళకు రెండు వేర్వేరు కర్రల్లా కనిపిస్తాయి. ఆపైన పాలిష్ కూడా పడితే రంగు సాక్ష్యంగా పనికిరాదు. గిటార్ల విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. బ్రెజిల్ తన రోజ్‌వుడ్ దుంగల ఎగుమతిని ఆపడంతో అమెరికాలోని మార్టిన్ గిటార్ల కంపెనీ 1969లో భారతీయ రోజ్‌వుడ్‌కు, అంటే మన జిట్రేగికి మారింది. ఆ మార్పుకు అటూ ఇటూ తయారైన గిటార్లను ఫొటోలో రంగు చూసి విడదీయడానికి ప్రయత్నిస్తే పొరపాటు తప్పదు. మన ఊళ్ళలో దొరికే పాత గిటార్లలో ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది: అది అసలు ఒకే పలకా, లేక ప్లైవుడ్డా? నాదరంధ్రం అంచును దీపం పెట్టి చూస్తే పొరలుంటే కనిపిస్తాయి. వెనక పలక మీద బయట కనిపించే గీతలు, ముడులు లోపల అదే చోట కనిపించకపోతే అది పొరలు అతికిన పలకే. పైపొర రోజ్‌వుడ్ అయినంత మాత్రాన ఆ గిటారును రోజ్‌వుడ్ గిటారు అనకూడదు.

చెవితో చెప్పేస్తామనేవారి మాటను తేలిగ్గా తీసిపారేయకూడదు. వీణ చేసేవారు దుంగను తట్టి వింటారు. ఆ మోతలో పగులూ, పుచ్చూ, తడీ తెలుస్తాయి. అది నిజమైన విద్య. కానీ ఆ మోత చెప్పేది ఆ ముక్క స్థితిని, దాని జాతిని కాదు. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వారు 2018లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ పనికొస్తుంది. వెనక, పక్క పలకల కర్ర తప్ప మిగతా అంతా ఒకేలా ఉండేట్టు ఆరు గిటార్లు చేయించారు. బ్రెజిల్ రోజ్‌వుడ్, భారతీయ రోజ్‌వుడ్, మహాగనీ, మేపుల్, సపేలీ, వాల్‌నట్ కర్రలు వాడారు. 52 మంది గిటారు వాద్యకారులు కర్ర కనిపించకుండా వాయించి మార్కులు వేస్తే ఆరింటికీ దాదాపు సమానంగానే వచ్చాయి. ఖరీదైన కర్రకు ప్రత్యేకమైన మొగ్గు ఏమీ రాలేదు. నాదం మీద కర్ర ప్రభావమే లేదని దీని అర్థం కాదు. గిటారుకు ముందు పలక ముఖ్యమైనది, వీణకు కుండ మందమూ పలక మందమూ ముఖ్యమైనవి. కానీ నాదం విని కర్ర పేరు చెప్పడం కుదరదని మాత్రం ఈ పరిశోధన గట్టిగా సూచిస్తుంది.

మూడో వాదం ఊరిది. ఈ వైపు చేసిన వాద్యం కాబట్టి ఈ వైపు కర్రే అయి ఉంటుందంటారు. ఈ నేల చూసినవారెవరూ ఆ మాట ధీమాగా అనలేరు. నీరు నిలిచిన చోట పనస బతకదు, వేరు కుళ్ళిపోతుంది. కొల్లేటి పల్లపు ఊళ్ళలో పనస పెరగదు కనుక, అక్కడి ఇంట్లో ఉన్న పనస వీణ కర్ర మెట్ట నుంచి దిగి వచ్చిందే. కృష్ణా, గోదావరి కాలువలను కలిపే ఏలూరు కాలువ మీద రైలు రాకముందు సరుకంతా పడవల్లో నడిచేది. నరసాపురం దగ్గర మాధవాయిపాలెంలో 17వ శతాబ్దంలోనే ఓడలు కట్టేవారు. గోదావరి మీదుగా కొండల టేకు కిందికి దిగేది. ఇప్పుడు తాడేపల్లిగూడెం లాంటి వ్యాపార పట్నంలో టింబర్ డిపో ముందు నిలబడితే, పేర్చిన దుంగలు ఎన్ని చోట్ల నుంచి వచ్చాయో ఒకచోట రాసి ఉండదు. కర్ర ప్రయాణిస్తుంది, ఊరి పేరు మాత్రం వాద్యానికి అతుక్కుంటుంది. ఈ నేలకు నిజంగా చెందిన కర్ర చూడాలంటే కొల్లేటి ఒడ్డున తాటి దోనె అడ్డకోత చూడాలి. అందులో వలయాలూ లేవు, నడిమి నుంచి సాగే రేఖలూ లేవు, నల్లని నార కట్టలు చుక్కలు చుక్కలుగా ఉంటాయి. చెట్లలో చేవ లోపల ఉంటే తాటిలో గట్టి భాగం బయట ఉంటుంది, లోపలిది మెత్తన. మొద్దు లోపలి భాగం తొలిస్తే దోనె అవుతుంది కనుకనే తాటి ఈ పనికి నప్పింది. ఒక్క చూపులో సందేహం లేకుండా జాతి తేలిపోయే ఈ అడ్డకోత, మిగతా కర్రలను చదవడం నేర్చుకోవాలనుకునేవారికి మంచి మొదటి పాఠం.

వీణ విషయంలో అసలు ప్రశ్ననే సరిదిద్దుకోవాలి. వీణంతా ఒకే కర్ర కాదు. కుండ, మెడలాంటి దండి ఒక్క దుంగలో తీసిన ఏకాండి వీణలో సైతం తీగలు బిగించే బిరడలు వేరే గట్టి కర్రతో చేస్తారు, తీగలు ఆనే గుర్రం కర్ర మీద లోహపు పట్టీ ఉంటుంది, 24 మెట్లు మైనం మీద కూర్చుంటాయి. కాలక్రమంలో పలక మారి ఉండవచ్చు, బిరడలూ మారి ఉండవచ్చు. అందుకే ఈ వీణ ఏ కర్ర అని కాక, ఈ కుండ ఏ కర్ర, ఈ పలక ఏ కర్ర, ఈ బిరడ ఏ కర్ర అని విడివిడిగా అడగాలి. పాత వాద్యాన్ని కోయకుండా అడ్డకోత ఎక్కడ దొరుకుతుందన్నది న్యాయమైన అభ్యంతరమే. బిరడ బెజ్జం లోపలి గోడలో, పాలిష్ పడని దండి చివరలో, పలక ఎత్తినప్పుడు కుండ అంచులో, గిటారులో మెడ కింది దిమ్మలో అడ్డకోత సహజంగానే బయటపడి ఉంటుంది. మరమ్మతు కోసం విప్పిన రోజే దాన్ని చూసి, ఫొటో తీసి పెట్టుకోవాలి. దానికోసం ప్రత్యేకంగా గాయం చేయనక్కర్లేదు.

భూతద్దం ఎంతవరకు చెబుతుందో కూడా ఒప్పుకోవాలి. చాలా సందర్భాల్లో అది ప్రజాతి దాకానే చెబుతుంది, జాతి దాకా వెళ్ళదు. పనసకు దగ్గర బంధువులైన చెట్ల కర్రలను, జిట్రేగి ప్రజాతిలోని కొన్ని రోజ్‌వుడ్‌లను సూక్ష్మదర్శిని కింద కూడా విడదీయడం కష్టం. అలాంటప్పుడు బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ, డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ వంటి చోట్ల పేరు నిర్ధారించిన కర్ర నమూనాలతో పోల్చి చూడాలి. చిన్న పేడు నుంచి రసాయనాల ముద్ర తీసి రోజ్‌వుడ్‌లను వేరుచేసే పద్ధతులు అమెరికా వన్యప్రాణి నేర పరిశోధన ప్రయోగశాలలో ఉన్నాయి. వయసు తేల్చడంలోనూ ఇంతే. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉన్న మెస్సయ్య అనే స్ట్రాడివారి వయొలిన్ 1716 నాటిది కాదన్న వివాదం వచ్చినప్పుడు, ముందు పలక స్ప్రూస్ కర్ర వలయాలు లెక్కించి, చివరి వలయం 1680ల నాటిదని చూపారు. అంటే ఆ తేదీకి కర్ర అడ్డు రాలేదు. పనసలో ఆ లెక్క కుదరదు, వలయాలే స్పష్టంగా ఉండవు కదా. కాబట్టి పనస వీణ వయసు కర్రను అడిగి లాభం లేదు, కాగితాన్నే అడగాలి. తెలిసినంతవరకే ‘పనస ప్రజాతి’ అని రాయడం, అంతకు మించి రాయకపోవడం నిజాయితీ.

చివరి అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది: తరతరాలుగా చెక్కేవారి చేతికి కర్ర తెలుసు, భూతద్దం వారికి నేర్పేదేముంది? తాజా కర్ర విషయంలో ఇది పూర్తిగా నిజం. ఉలి దిగే తీరు, వాసన, బరువు, పేడు రంగు అన్నీ కలిసి వారికి చెప్పేది ఏ పుస్తకమూ చెప్పదు. కానీ ఆ జ్ఞానం దుంగ ముందు ఉంటుంది, నలభై ఏళ్ళ తర్వాత హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఆ వీణ విప్పే మనిషి ముందు ఉండదు. చేసినవారు దాటిపోయాక, వారికి ఖాయంగా తెలిసిన విషయం మనకు ఊహగా మిగులుతుంది. ఆ ఊహకు ఖరీదు ఉంది. పలక మార్చేటప్పుడు తగని కర్ర వేస్తే అతుకు విడుతుంది. విదేశాలకు తీసుకెళ్ళేటప్పుడు కర్ర పేరు చట్టపరమైన విషయం అవుతుంది. రోజ్‌వుడ్ ప్రజాతి మొత్తం 2017 జనవరి నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది. పూర్తయిన వాద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చినా, బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు 1992 నుంచి ఉన్న కఠిన నిబంధన అలాగే ఉంది. ఏ భాగం ఏ కర్రో చెప్పలేని వాద్యం సరిహద్దు దగ్గర యజమానికి చిక్కు తెస్తుంది. బొబ్బిలి, తంజావూరు వీణలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ ఆ గుర్తింపు ఊరి సంప్రదాయం గురించి చెబుతుంది, మీ చేతిలోని ఫలానా వీణ పలక గురించి చెప్పదు.

కాబట్టి నా విన్నపం మూడు వైపులకు. వీణలు చేసేవారు ప్రతి వీణ లోపలా ఒక చీటీ అంటించాలి. దుంగ ఏ చెట్టుది, ఏ ఊరి నుంచి వచ్చింది, ఏ ఏడు కొట్టారు, బిరడలు ఏ కర్ర, ఇవి నాలుగు పంక్తులు చాలు. అదే దుంగలోంచి అగ్గిపెట్టె అంత ముక్క దాచి దాని మీద వీణ అంకె రాయాలి. తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, పట్టణంలో 2015 నుంచి ఎన్‌ఐటీ ఉంది. పనస చెట్టు తెలిసినవారూ, కర్ర సాంద్రత కొలవగలిగినవారూ అంత దగ్గరలో ఉన్నప్పుడు, ఈ ప్రాంతపు వాద్యాల కర్రలకు పేరు నిర్ధారించిన నమూనాల పెట్టె ఒకటి తయారుకావడం అసాధ్యం కాదు, అవసరం. ఇక పాత వీణ, పాత గిటారు ఇంట్లో ఉన్నవారికి ఒక్క మాట: ఈసారి మరమ్మతుకు ఇచ్చినప్పుడు విప్పిన చోట అడ్డకోతను ఫొటో తీయించండి, మారిన ప్రతి ముక్కనూ పారేయకుండా పేరు రాసి దాచండి.