చలిలో చురుకెక్కే చర్యలు

మన ఊళ్లలో రోహిణి కార్తె అంటే రోళ్లు పగిలే ఎండ. ఆ రోహిణి నక్షత్రం కనిపించే వృషభ రాశిలోనే, రోహిణి కంటే ఎంతో వెనక, దాదాపు 450 కాంతి సంవత్సరాల దూరాన టీఎంసీ-1 అనే చీకటి మేఘం ఉంది. అక్కడ వేడి 10 కెల్విన్లు, అంటే మైనస్ 263 డిగ్రీలు. అంత చలిలో రసాయన చర్యలు ఎంత వేగంగా జరుగుతాయో భూమ్మీద కొలిచి చెప్పడం నా ఉద్యోగం. ఇంగ్లండ్‌లో ఒక యూనివర్సిటీ భవనం నేలమాళిగలో మా ల్యాబ్.

మా పెదనాన్న కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. నేను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన అడిగింది ఒక్కటే: “ఒరే, పది డిగ్రీలు పెరిగితే రేటు రెట్టింపవుతుందని నా సర్వీసంతా చెప్పాను. అంత చలిలో కొలవడానికి నీకు ఏం మిగులుతుందిరా?”

సరైన ప్రశ్నే. 1889లో ఆర్హీనియస్ చెప్పిన లెక్క ప్రకారం చూస్తే, మోల్‌కి 10 కిలోజౌళ్ల శక్తి అడ్డుగోడ ఉన్న చర్యలో గది వేడి దగ్గర వంద ఢీకొనడాల్లో ఇంచుమించు రెండింటికి ఆ గోడ దాటే శక్తి ఉంటుంది. అదే గోడని 10 కెల్విన్ల దగ్గర దాటాలంటే ఒకటి పక్కన 52 సున్నాలు పెట్టినన్ని ఢీకొనడాల్లో ఒక్కదానికి కుదురుతుంది. పైగా ఆ మేఘంలో ఘన సెంటీమీటరుకు ఉన్నవి పదివేల హైడ్రోజన్ అణువులే. ఒక అణువు ఇంకో అణువుని ఢీకొనడానికి రోజులు పడుతుంది. ఈ లెక్కన అక్కడ ఏ చర్యా జరగకూడదు. కానీ నక్షత్రాల నడుమ ఇప్పటికి 300కి పైగా రకాల అణువులు దొరికాయి.

దీనికి మొదట దొరికిన సమాధానం అయాన్లు. విద్యుదావేశం ఉన్న కణం పక్కనున్న అణువుని తనవైపు లాక్కుంటుంది కాబట్టి చాలా చర్యలకి అడ్డుగోడే ఉండదు. 1973లో హెర్బ్‌స్ట్, క్లెంపరర్ ఇద్దరూ మేఘాల రసాయనాన్ని ఈ దారిలోనే లెక్కగట్టారు. ఆవేశం లేని అణువుల మధ్య చర్యలని చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1990ల మొదట్లో ఫ్రాన్స్‌లోని రెన్‌లో బెర్ట్రాండ్ రోవ్, బర్మింగ్‌హామ్‌లో ఇయాన్ స్మిత్, ఇయాన్ సిమ్స్ కలిసి సయానో రాడికల్, ఆక్సిజన్ మధ్య చర్యని బాగా చల్లబరిచి కొలిచారు. చలి పెరిగేకొద్దీ చర్య వేగం పెరిగింది! మా వృత్తికి అసలు పునాది అక్కడ పడింది.

చల్లబరచడానికి ఫ్రిజ్ లాంటిది పనికిరాదు. గోడలు 10 కెల్విన్లకి దిగితే మిథనాల్, అమ్మోనియా లాంటివన్నీ గోడలకే గడ్డకట్టుకుపోతాయి, వాయువుగా ఏమీ మిగలదు. అందుకే గోడ తగలకుండా చల్లబరుస్తాం. నిండుగా గాలి కొట్టిన సైకిల్ ట్యూబు వాల్వు వదిలితే బయటికి దూసుకొచ్చే గాలి వేలికి చల్లగా తగులుతుంది కదా, సూత్రం ఇంచుమించు అదే. స్వీడన్ ఇంజనీరు డి లావాల్ ఆవిరి టర్బైన్ల కోసం చేసిన నాజిల్‌ మాకూ ఆధారం. నడుము దగ్గర సన్నబడి, ఆ తర్వాత గంటలా విచ్చుకుంటుంది. గది వేడిలో ఉన్న ఆర్గాన్‌ని దాని గుండా పంపి, చల్లబడ్డ వాయువులో ధ్వని వేగానికి నాలుగు రెట్ల వేగం అందుకునేలా చేస్తే, ఉష్ణోగ్రత 47 కెల్విన్ల దాకా పడిపోతుంది. అదే వేగపు నిష్పత్తికి నైట్రోజన్ అయితే 71 దగ్గర ఆగుతుంది. ఒక్కో నాజిల్ వంపు ఒక వాయువుకి, ఒక ఉష్ణోగ్రతకి మాత్రమే చెక్కింది. ఇంకో ఉష్ణోగ్రత కావాలంటే ఇంకో నాజిల్ చేయించుకోవాలి. మా వర్క్‌షాపు మేస్త్రి లోపలి వంపుని లేతు మీద తిప్పి నునుపు చేస్తాడు. ఆ ఉపరితలం మీద చిన్న గీత పడినా ప్రవాహం చెదురుతుంది.

రోజు పంపులతో మొదలవుతుంది. ఆ హోరులో చెవులకి రక్షణ లేకుండా నిలబడలేం, మాటలన్నీ చేతి సైగలే. కొత్త నాజిల్ బిగించిన రోజు ముందుగా పిటో ట్యూబుని ప్రవాహంలో అటూ ఇటూ జరుపుతూ ఒత్తిడి చూస్తాం. దాన్నిబట్టి వేగం, వేగాన్నిబట్టి ఉష్ణోగ్రత తెలుస్తాయి. కొన్ని పదుల సెంటీమీటర్ల పొడవున, కొన్ని వందల మైక్రోసెకన్ల పాటు చలి నిలకడగా ఉంటే చాలు, ఆ కాస్త వ్యవధిలోనే కొలత ముగియాలి. ఒక లేజర్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని విరిచి హైడ్రాక్సిల్ రాడికళ్లని పుట్టిస్తుంది. రెండో లేజర్ 282 నానోమీటర్ల దగ్గర వాటిని తట్టి వెలిగిస్తుంది. అవి 308 దగ్గర వెదజల్లే అతినీలలోహిత కాంతిని డిటెక్టర్ లెక్కపెడుతుంది. రెండు లేజర్ల మధ్య వ్యవధిని పెంచుకుంటూ పోతే కాంతి తగ్గుతూ వస్తుంది. ఎంత త్వరగా తగ్గితే చర్య అంత వేగమన్నమాట.

కొత్త నాజిల్ నమ్మదగినదో కాదో తేల్చడానికి హైడ్రాక్సిల్, మిథనాల్ చర్యని వాడుకుంటాం. మిథనాల్‌ని కొద్దికొద్దిగా పెంచుతూ రేటు గీస్తే చుక్కలు సరళరేఖ మీదికి రావాలి. ఒక హద్దు దాటాక ఆ రేఖ కిందికి వంగుతుంది. చలికి మిథనాల్ అణువులు జతలుగా అతుక్కుపోయి, విడిగా ఉన్నవి తగ్గాయని దానర్థం. వంపు మొదలయ్యే చోటు నుంచి అవతలి చుక్కలని పక్కన పెట్టి, మిగిలిన రేఖ వాలునే లెక్కలోకి తీసుకుంటాం.

ఈ చర్యకి అడ్డుగోడ ఉంది. పాఠం ప్రకారం చలిలో ఆగిపోవాలి. 2013లో లీడ్స్ బృందం కొలిస్తే 200 కెల్విన్ల దగ్గర ఉన్న రేటు కంటే 63 దగ్గర రేటు దాదాపు వంద రెట్లు ఎక్కువ వచ్చింది. తర్వాత స్పెయిన్‌లో 22 కెల్విన్ల దాకా దిగి కొలిచినా చర్య చురుగ్గానే ఉంది. కారణం ఇది: రెండు అణువులూ దగ్గరికి రాగానే బలహీనమైన హైడ్రోజన్ బంధంతో కాసేపు జతకడతాయి. వెచ్చదనంలో ఆ జత వెంటనే విడిపోతుంది. చలిలో విడిపోయేంత శక్తి ఉండదు కాబట్టి జత ఎక్కువసేపు నిలుస్తుంది. ఆ వ్యవధిలో హైడ్రోజన్ పరమాణువు గోడ ఎక్కకుండానే, క్వాంటం టన్నెలింగ్‌తో గోడలోంచి అవతలికి చేరుతుంది. అప్పుడు పుట్టే మెథాక్సీ రాడికల్‌ని 2012లోనే పర్సియస్ దిక్కున ఉన్న ఒక మేఘంలో రేడియో టెలిస్కోపుతో పట్టుకున్నారు.

దీంతో కథ ముగియలేదు. మా ప్రవాహంలో ఘన సెంటీమీటరుకు ఒకటి పక్కన 16, 17 సున్నాలంత సంఖ్యలో అణువులుంటాయి, మేఘంలో పదివేలు. ఆ జతని మా వాయువే తట్టి నిలబెడుతోందేమో అన్న అనుమానం న్యాయమైనదే. అందుకే ఒకే ఉష్ణోగ్రత దగ్గర సాంద్రత మార్చి మళ్లీ కొలుస్తాం, చర్యలో పుట్టిన పదార్థం కోసమూ వెతుకుతాం. 10 కెల్విన్ల దగ్గర ఈ రేట్లని ఎంత నమ్మాలన్నది ఇప్పటికీ వాదనలోనే ఉంది. అసలు మేఘంలోని మిథనాల్ చాలావరకు వాయువులో పుట్టిందే కాదు, ధూళి మీది మంచుపొరలో పుట్టింది. గడ్డకట్టిన కార్బన్ మోనాక్సైడ్‌కి హైడ్రోజన్ పరమాణువులు ఒక్కొక్కటిగా చేరి మిథనాల్ అవుతుందని 2002లో జపాన్‌లోని హొక్కైడో శాస్త్రజ్ఞులు ల్యాబ్‌లో చూపించారు. మంచు మీద ఇలాంటి పని మన దగ్గరా జరుగుతోంది. 2019లో ఐఐటీ మద్రాస్ బృందం 10 నుంచి 30 కెల్విన్ల చలిలో, అతి శూన్యంలో మీథేన్, కార్బన్ డయాక్సైడ్ హైడ్రేట్లు ఏర్పడటం చూపించింది. అహ్మదాబాద్‌లోని పీఆర్‌ఎల్‌లోనూ అంతరిక్ష మంచుల మీద పరిశోధన సాగుతోంది.

పెదనాన్నకి ఆ లీడ్స్ గ్రాఫు పంపితే, “అడుగున మళ్లీ పైకి లేచిందేంట్రా!” అని ఫోన్ చేశారు. ఆయన చెప్పిన పాఠం తప్పేమీ కాదు. కొలిచిన హద్దుల్లో అది చక్కగా పనిచేస్తుంది, హద్దు దాటి గీతని పొడిగించినప్పుడే దెబ్బతింటుంది. కెమిస్ట్రీ చదివే పిల్లలకి, చెప్పే మాస్టార్లకి నా మనవి ఒకటే: ఏ పుస్తకంలో ఏ రేటు కనిపించినా, దాన్ని ఎన్ని డిగ్రీల నుంచి ఎన్ని డిగ్రీల దాకా కొలిచారో పక్కనే చూసుకోండి. ఆ వివరం లేకపోతే ఆ అంకెని నమ్మకండి.