ఆకు వెంట, ఏటి వెంట

మా కందుకూరు వైపు వర్జీనియా అంటే ఊరు కాదు, ఆకు. పొగాకు బ్యారను కాలుతున్న రాత్రుళ్లు మా నాన్న కునుకు తీయకుండా లోపలి వేడి చూసుకుంటూ పొయ్యిలో కట్టెలు ఎగదోసేవాడు. వేలంలో బేలుకు ‘నో బిడ్’ పడిన రోజు ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడేవాళ్లం కాదు. ఆ పేరుతో అమెరికాలో ఒక రాష్ట్రం ఉందని హైస్కూల్లో అట్లాసు చూసేదాకా నాకు తెలియదు.

అందుకే ఆ రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు జేమ్స్ నదిని మొదట్నుంచీ చూపించమన్నాను. “మూడ్రోజులు సెలవు పెట్టా నాన్నా, ఎంతవరకైతే అంతవరకు” అంది.

జాక్సన్, కౌపాశ్చర్ అనే రెండు ఏర్లు ఐరన్ గేట్ దగ్గర కలిస్తే జేమ్స్. అక్కణ్ణుంచి కడలి దాకా సుమారు 560 కిలోమీటర్లు. బ్లూ రిడ్జ్ కొండల్ని చీల్చుకొచ్చే ఆ పైభాగం అందమైనదే గానీ, నేను కారు అద్దంలోంచే చూశాను. లించ్‌బర్గ్‌లో కాఫీ తాగాం.

కారు ఆపించింది రివానా నది వచ్చి కలిసే చోట. మొనాకన్ అనే స్థానిక అమెరికన్ జాతి రాజధాని రస్సావెక్ ఇక్కడే ఉండేది. 1612లో అచ్చయిన ఇంగ్లీషువాడు జాన్ స్మిత్ పటంలో ఆ పేరుంది. కొన్నేళ్ల కిందట సరిగ్గా ఇక్కడే నీళ్లు తోడే పంపుహౌసు కట్టబోయారు. మా పెద్దల సమాధుల మీదా అని మొనాకన్లు పట్టుబట్టి పోరాడితే, 2022లో వేరే చోటికి మార్చారు. అసలు జనాన్ని తెల్లవాళ్లు, నల్లవాళ్లు అని రెండుగానే విడదీసిన 1924 చట్టం తర్వాత ఈ రాష్ట్రంలో అమెరికన్ ఇండియన్లే లేరని అధికారులు వాదించారు, పుట్టుక రిజిస్టర్లలో వాళ్ల జాతినే కొట్టేశారు. కేంద్ర ప్రభుత్వ గుర్తింపు 2018లో గానీ రాలేదు. ఊరు పోవడం ఒక ఎత్తు, ఊళ్లో మేమే ఉన్నామని కాగితం తెచ్చుకోవాల్సి రావడం ఇంకో ఎత్తు. ఒడ్డున నిలబడి చూస్తే మాత్రం చెట్లు, బురద నీళ్లు, అంతే.

రిచ్‌మండ్ దగ్గర నది బండల మీదుగా దూకుతుంది. 1607 మేలో ఇంగ్లీషు కెప్టెన్ క్రిస్టఫర్ న్యూపోర్ట్ పడవ ఇక్కడే ఆగిపోయింది. బంగారం దొరుకుతుందనీ, పసిఫిక్‌కు దారి ఉంటుందనీ వాళ్ల ఆశ. ఒక శిలువ నాటి వెనక్కి తిరిగారు. దిగువన హోప్‌వెల్‌లో కెపోన్ అనే పురుగుమందు నదిలో కలిసిందని 1975లో బయటపడింది. ఆ తర్వాత పదేళ్లకు పైగా చేపల వేట మీద నిషేధాలు నడిచాయి.

ఇక ఇంగ్లీషువాళ్లు దిగిన జేమ్స్‌టౌన్. మత స్వేచ్ఛ కోసం ఓడెక్కినవాళ్ల కథ అందరికీ తెలుసు. కానీ అది 1620లో, ఇంకో తీరంలో. ఇక్కడ దిగిన 104 మంది మగవాళ్లను, కుర్రాళ్లను పంపింది వాటాదారుల కంపెనీ. బంగారం లేదు. 1609-10 చలికాలంలో సుమారు 300 మందిలో 60 మందే మిగిలారు. వలసను గట్టెక్కించింది ఆకు. స్థానిక పొగాకు మన నాటు పొగాకులా ఘాటు, లండన్‌లో ఎవరూ ముట్టలేదు. 1612 ప్రాంతంలో జాన్ రోల్ఫ్ అనే వలసదారు కరీబియన్ వైపు నుంచి తెప్పించిన విత్తనం వేశాడు. అంటే మా నాన్న పండించిన వర్జీనియా, వర్జీనియాది కాదన్నమాట! 1617కల్లా ఇక్కడ వీధుల్లోనూ, సంత చోటులోనూ పొగాకు మొక్కలే.

మూడు నాలుగు పంటలకే నేల చచ్చిపోయేది. కొత్త భూమి కావాలి, చేతులు కావాలి. 1618లో కంపెనీ ఎర వేసింది. దారిఖర్చు పెట్టుకుని వచ్చినవాడికి తలకి 50 ఎకరాలు. ఇంకొకణ్ణి తన ఖర్చుతో తెస్తే ఆ తలకీ 50, అదీ తెచ్చినవాడికే. వచ్చినవాడు నాలుగు నుంచి ఏడేళ్లు వెట్టి చేయాలి. ఇంగ్లండులో ఉమ్మడి బీళ్లకు కంచెలు పడి, కూలి గిట్టక, సెంటు భూమి లేని కుర్రాడికి ఆ ఒప్పంద కాగితం మీద గుర్తు పెట్టడం ఆశో, గత్యంతరం లేకో చెప్పడం కష్టం. ఆ శతాబ్దంలో ఈ ప్రాంతానికొచ్చిన తెల్లవాళ్లలో అత్యధికులు వీళ్లే. గడువు తీరకుండానే ఎందరో జ్వరాలకు పోయారు. ఎకరాలు మాత్రం పోలేదు. బలవంతాన ఓడెక్కించిన ఆఫ్రికన్ల తలలకూ తర్వాత భూమి లెక్కగట్టారు. అంత భూమి ఎక్కణ్ణుంచి? స్థానిక పౌహటన్ జనాల మొక్కజొన్న చేలలోంచి. 1622లో వాళ్లు తిరగబడి 347 మందిని చంపితే, ఇక బేరమాడే పని కూడా లేదనుకున్నారు ఇంగ్లీషువాళ్లు.

అక్కడి మ్యూజియం పెరట్లో చూపించడానికి పెంచుతున్న పొగాకు మొక్క ఆకు ఒకటి నలిపాను. అదే జిగురు. చిన్నప్పుడు అమ్మ చింతపండుతో రుద్దినా రెండ్రోజులు వదలనిది. అమ్మాయి శానిటైజర్ ఇచ్చింది, దానికీ లొంగలేదు.

సముద్రం ఇంకా కిందికి ఉంది, పొద్దున అమ్మాయికి ఆఫీసు. కనీసం అవతలి గట్టుకైనా అని ఫెర్రీ ఎక్కాం. జిగురు చొక్కాకి అంటకుండా జేబులోంచి పర్సు తీయబోతే, “టికెట్ లేదు నాన్నా, ఫ్రీ” అంది.

ఈ నది మీద ఎవరి దారిఖర్చూ ఎవరి ఖాతాలోనూ పడదంటే నమ్మబుద్ధి కాక, ఫెర్రీ మనిషిని ఇంకోసారి అడిగాను.