గ్రుడ్డు బొమ్మ

ముప్పది యేండ్లు దాటిన గృహిణి బొమ్మతో నాడుకొనుచున్నదనిన మీరు నవ్వుదురు. బడిపంతులుగారైన మా వారును నవ్విరి. అయినను మా మాట కొంచెము వినుడు.

ఈ బొమ్మ జపానుదేశమున పుట్టినది. 1996వ సంవత్సరము నవంబరు నెలలో బండాయ్ సంస్థవారు ‘తమగోచ్చి’ యను పేర దీనిని మొదట విక్రయించిరి. ఆ భాషలో ‘తమగో’ యనగా గ్రుడ్డు. అఱచేతిలో నిముడు గ్రుడ్డు. నడుమ చిన్న తెర. క్రింద మూడు మీటలు. తెరపై పుట్టిన ప్రాణి యాకలియైనపుడు కూయును. అన్నము పెట్టవలెను, మలమెత్తవలెను, జబ్బుపడిన మందీయవలెను, నిద్రించునపుడు దీపమార్పవలెను. ఉపేక్షించితిమా, చచ్చును. నాడు దీనితో నాడిన బాలలు నేడు పెద్దవారై మరల కోరుచుండుటచే ఆ సంస్థవారు పాతరూపముననే చేసి యమ్ముచున్నారు.

మా బాల్యము ఉక్కునగరమున గడచినది. మా తండ్రిగారు ‘గోదావరి’ యని పేరిడిన బ్లాస్టు ఫర్నేసుకడ పనిచేయుచుండిరి. ఓడపనిలోనుండిన మా మేనమామ 1998లో సింగపూరునుండి యీ గ్రుడ్డును తెచ్చి మా చేతిలో పెట్టెను. అది యిరువది దినములు బ్రదికెను. అంతకాలము పెంచగలిగితిమని మేమెంతయో గర్వించితిమి.

గత వేసవిలో మా కుమార్తెకను నెపమున మరల నొకటి కొంటిమి. మా వారు చూచి, “భాగవతంలో భరతుడికి లేడిపిల్ల, నీకు ఈ గుడ్డూనా?” అనిరి.

బడులు తెఱచిన పిమ్మట నొకనాటి యుదయము పోపు వేయుచుండగా నది కూసెను. కుమార్తె బడికి పోయియున్నది. తడిచేయి చెంగున తుడిచికొని మీట నొక్కితిమి. నొక్కిన వ్రేలు నొక్కినట్లే నిలిచిపోయినది. ఆనాడు మేమును ప్రొద్దుననే బడికి పోయెడివారము గదా! అపుడు దీనికి పలికినదెవరు?

అమ్మ లేదు, పోయి నాలుగేండ్లయినది. నాన్నగారి నడిగితిమి. “మీ అమ్మే చెంగున ముడేసుకుని తిరిగేది. రేషను కొట్టుకాడ అది కూస్తే అందరూ నవ్వారు. సిగ్గుపడింది గాని మీట నొక్కడం మానలేదు” అనిరి.

ఇరువదిదినములు బ్రదికించినది మేము కాము. ఆమె యొక్కమాటయు చెప్పలేదు, మేమడుగనులేదు.

ఆ రాత్రి మా వారికి బదులు చెప్పితిమి: “భరతుడు అన్నీ మాని లేడిపిల్లను పెంచాడు. ఆడది అన్నీ చేసుకుంటూనే పెంచుతుంది.” వారు మరల నవ్వలేదు. పాత బొమ్మకై పెద్దవారు పడు నారాటము బాల్యముకొఱకే యనుకొంటిమి. మాకు మాత్రమది యా చెంగుముడికొఱకే.

మఱునాడు కుమార్తె బడినుండి వచ్చి, “చూడమ్మా, నేనెంత బాగా పెంచుతున్నానో!” యనెను. ఊరకుండవలెనని నోటివఱకు వచ్చినది. కాని, “సగం నువ్వు, సగం నేను” అంటిమి. బిడ్డ మొగము కొంచెము చిన్నబోయినది. పిమ్మట, “అయితే అన్నం నువ్వు పెట్టు, ఆట నేనాడిస్తా” ననెను.

మా అమ్మ చెప్పలేదు, మేము చెప్పితిమి. ఏది మేలో మీరే తలపోయుడు.